తాంబాళంలో ఇంజను

రెండు వేల ఇరవై ఐదు, సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం. పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ మధ్యాహ్నం నెల్లికుదురులో జగపతి ఇంట్లో గారెలు, నాటుకోడి కూర. సాహితికి ఆ తేదీ ఇంత గట్టిగా ఎందుకు గుర్తుందంటే, ఆ గారెలే ఆమె కొంప ముంచాయి.

చనిపోయిన తల్లి పేరు మీద ఆకు వేసి, దండం పెట్టుకుని, తండ్రీ కూతుళ్లు తినడానికి కూర్చున్నారు. తండ్రి తిని లేచినా ఆమె లేవలేదు. పులుసులో నానిన గారె ఒకటి. ఇదే ఆఖరిది అనుకుంటూ ఇంకొకటి. చెయ్యి కడుక్కుని ముందు వసారాలోకి వచ్చేసరికి అక్కడ తాంబాళం లేదు.

తాంబాళం పోతే పోయింది. అందులో ఇంజను ఉంది.

మొత్తం ఇంజను కాదులెండి. మూడు సిలిండర్ల పాత కారు ఇంజను అది. సిలిండర్లు బోరు కొట్టించి, పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసును సాన పట్టించి సాహితి దాన్ని మహబూబాబాద్ లేత్ నుంచి తెచ్చుకుంది. బ్లాకులో నూనె పారే సన్నటి దారులన్నీ సీసాలు కడిగే బ్రష్షుతో, డీజిలుతో తనే కడిగింది. పిస్టన్లు తగిలించిన రాడ్లు మూడు, వాటి అడుగున బిగించే క్యాపులు మూడు, క్యాపుల్లో కూర్చునే బేరింగులు, అన్నీ వరస తప్పకుండా ఆ ఇత్తడి తాంబాళంలో పేర్చింది.

ఏ రాడ్డుకు ఆ క్యాపే బిగించాలి. పుట్టినప్పుడే రెంటినీ జోడీ కట్టి తొలుస్తారు. ఒకదాని క్యాపు ఇంకొకదానికి పెడితే చూడ్డానికి కూర్చుంటుంది గానీ, నడిచేటప్పుడు ఇంజనును నమిలేస్తుంది. వెనకటికి ఆ ఇంజను విప్పిన మెకానిక్ ఎవడో పాత గుర్తులన్నీ ఆకురాయితో అరగదీసి పెట్టాడు. అందుకని సాహితి తానే నల్ల మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని వాటి మీద రాసుకుంది.

"బాపూ! తాంబాళమేది?"

"భాగ్యమ్మత్త మనుమడు వచ్చిండు బిడ్డా," అన్నాడు జగపతి లోపలి నుంచి. "వాళ్ల తాంబాళమట. ఎంగిలిపూల బతుకమ్మ పేర్వాలెనట. తీస్కపోయిండు."

"మరి అందుల సామాను?"

"గివి ఏంజెయ్యాలె అని అడిగిండు. పక్కకు పెట్టు నాయినా అన్న."

పక్కన చూస్తే పరిచిన పేపరు తప్ప ఇంకేం లేదు. సాహితి చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది.

భాగ్యమ్మ పెరట్లో నల్లా దగ్గర, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ఒకడు గొంతుక్కూర్చున్నాడు. ముందు బకెట్టు. పక్కన చింతపండు ముద్ద. చేతిలో కొబ్బరిపీచు. ఏదో కూనిరాగం తీస్తూ తోముతున్నాడు. తోమినవన్నీ తువ్వాలు మీద ఎండలో తళతళలాడుతున్నాయి, వరస లేదు, వావి లేదు.

"ఏంది గది?"

అతను తలెత్తి నవ్వాడు. "మీ సామానే చెల్లె. మస్తు జిడ్డున్నయి. అట్లనే తిరిగిచ్చుడు ఏం మంచిగుంటదని జర తోమిన."

"తోమినవా?"

"చింతపండుతోని. చూడు, ఎట్ల మెరుస్తున్నయో!"

సాహితి ఒక బేరింగు తీసి వెలుతురుకు పట్టింది. మెత్తటి లోహపు పూత మీద కొబ్బరిపీచు గీతలు, పిల్లి గీరినట్టు. ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. ఆమెకు అసలైన కోపం వచ్చినప్పుడే అలా వస్తుంది.

"వీటి మీద నంబర్లుండాలె."

"నంబర్లా? ఓ, గా మరకలా! అస్సలు పోతలేకుండె చెల్లె. సర్ఫు పెట్టి రుద్దితే పోయినయి."

"నీ పేరేంది?"

"శ్రీపాల్."

"ఏం జేస్తవ్?"

"రేగొండ హైస్కూల్ల లెక్కల సార్‌ను. దసరా సెలవులకు అవ్వ దగ్గరికొచ్చిన."

"లెక్కల సారువా! ఒకటి రెండు మూడు అని రాసుంటె నీకు మరక లెక్క కనబడ్డదా?"

శ్రీపాల్ చేతిలోని పీచు జారి బకెట్టులో పడింది.

మాటలు విని భాగ్యమ్మ బయటికి వచ్చింది. మోకాలి నొప్పి మనిషి, తలుపు పట్టుకుని నిలబడింది. "ఏంది లొల్లి? మా తాంబాళం మేం తెచ్చుకున్నం గని, మీది ఎత్తుకొచ్చినమా?"

"మీదా? అది మా ఇంట్లది!"

"తిరగేసి చూడు బిడ్డా."

తిరగేస్తే అడుగున చుక్కల అక్షరాల్లో చెక్కి ఉంది: కె. భాగ్యమ్మ.

"మీ అమ్మ వ్రతానికని తీస్కపోయింది," అంది భాగ్యమ్మ. "తిరిగిచ్చేలోపట పాయె. నా పుష్పనే పోయినంక పళ్లెం ఏమడుగుతనని ఊకున్న. గిన్నేండ్లు స్టీలు పళ్లెంల బతుకమ్మ పేర్చుకున్న. అది జారి జారి పడుతది. ఈ ఏడు మా పోరడు వచ్చిండు గదా అని పంపిన."

ఎదుటివాళ్ల దగ్గర కూడా కాస్త న్యాయం ఉందని తేలినప్పుడు వచ్చే కోపం మామూలు కోపం కన్నా చెడ్డది. సామానంతా కొంగులో మూట కట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఒక్క మాట సారూ. నీ చిటికెనేలు గోరు గింత పొడుగు ఎందుకు పెంచినవ్?"

శ్రీపాల్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆ గోరుకు భాగ్యమ్మ పండక్కని మైదాకు కూడా పెట్టింది. ఎర్రగా పండింది.

"ఊకనే... అలవాటు."

"కత్తిరించుకో ముందు. మనుషులు పెంచేవి గావవి."

*

అంత కోపం ఎందుకో చెప్పాలి.

సాహితి ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. జనగామలో ఒక సర్వీసు సెంటరులో ఉద్యోగం వస్తే ఎగిరి గంతేసి వెళ్లింది. అక్కడ ఆమెను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బండి లోపలికి పోతుంటే నవ్వాలి, బయటికి వస్తుంటే నవ్వాలి. పానా ముట్టుకోబోతే మేనేజరు పరిగెత్తుకొచ్చేవాడు. "నువ్వు చేస్తే కస్టమర్లు భయపడతరమ్మా." ఏడాదంతా నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టి, ఒకనాడు నవ్వకుండా ఇంటికి వచ్చేసింది.

జగపతికి మహబూబాబాద్ రోడ్డు మీద ఒక మడిగె, చిన్న దుకాణం గది, ఉంది. దసరా తర్వాత దాన్ని సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికి ఇప్పించాలని ఆయన తమ్ముడు అజయ్ తిరుగుతున్నాడు. "ఆ మడిగె నాకియ్యి బాపూ, వర్క్‌షాపు పెడత," అంది సాహితి. అజయ్ పగలబడి నవ్వాడు. "ఆడపిల్ల దగ్గరికి బండి ఎవడు తెస్తడే?"

జగపతి నవ్వలేదు. కాసేపు ఆలోచించి దొడ్డివైపు చూపించాడు. అక్కడ రేకుల కింద, తాడిపత్రి పట్టా కప్పుకుని పుష్ప కారు ఉంది. టీచరుగా ఆమె రోజూ మహబూబాబాద్ దాకా నడుపుకుంటూ పోయిన కారు. ఆమె పోయాక ఎవరూ ముట్టక ఇంజను పట్టేసింది.

"సద్దుల బతుకమ్మ నాటికి దాన్ని నడిపియ్యి బిడ్డా. నీ ఒక్కదాని చేతుల మీద. ఊరు చూసిందంటె ఇగ ఎవ్వడేమంటడు? మడిగె నీదే."

అదీ సంగతి. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఉన్నవి తొమ్మిది రోజులే. అలాంటి ఇంజనును చింతపండు పెట్టి తోమాడు.

*

మరునాడు పొద్దున సాహితి వసారాలో కూర్చుని మూడు రాడ్లనూ మూడు క్యాపులనూ ఎదురుగా పెట్టుకుని చూస్తోంది. పెళ్లిసంబంధాలు చూసే పెద్దమనిషి ముఖంలో కూడా అంత దిగులు ఉండదు.

గేటు చప్పుడైంది. శ్రీపాల్. చేతిలో చిన్న పొట్లం.

"తొలి బస్సుకు మహబూబాబాద్ పోయొచ్చిన చెల్లె. నువ్వు పని చేపిచ్చిన లేత్ వెంకటన్ననే అడిగి తెచ్చిన. కొత్త బేరింగులు. సైజు గూడ ఆయిననే చెప్పిండు."

సాహితి పొట్లం విప్పి, అంకె చూసి, మళ్లీ చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదొక బాధ.

"బేరింగులు దుకాణంల దొరుకుతయి. జోడీలు దొరుకుతయా?"

"ఎట్ల గుర్తుపడతరు జోడీలను?"

"బిగించి, అతుకు మీద గోరుతోని గీకి చూడాలె. జోడీ అయితె గోరు ఆగకుంట సాఫ్‌గ జారుతది. కాకపోతె ఆడ సన్న మెట్టు తాకుతది. వెంట్రుక మందం గూడ ఉండదు."

"మరి గీకు."

సాహితి చేతులు చాపి చూపించింది. గోళ్లు కండ దాకా అరిగిపోయాయి. డీజిలూ ఎమరీ కాగితమూ వేళ్ల కొనలను మొద్దు చేసేశాయి. పొద్దుట్నుంచి గీకి గీకి ఆమెకు ఏదీ తాకడం లేదు.

శ్రీపాల్ నెమ్మదిగా తన కుడిచెయ్యి చిటికెన వేలు ముందుకు పెట్టాడు. మైదాకుతో పండిన ఎర్రటి గోరు, పొడుగ్గా, నున్నగా.

సాహితి దాన్ని చూసింది. ఇంటి కప్పుకేసి చూసింది. దేవుడు కొన్నిసార్లు మనిషిని మరీ చిన్నచూపు చూస్తాడు.

"కూర్చో," అంది.

ఆమె ఒక్కో క్యాపును ఒక్కో రాడ్డుకు బిగించి ఇస్తే, అతను కళ్లు మూసుకుని అతుకు మీద గోరు నడిపాడు.

"ఆగింది."

"మళ్ల చూడు."

"ఆగింది చెల్లె. మెట్టున్నది. మూడింటికి మూడు, ఎన్ని తీర్ల పెట్టొచ్చంటె..."

"లెక్కలు చెప్పకు. గీకు."

కళ్లు మూసుకున్నప్పుడు అతని ముఖం వేరేగా ఉంది. తొందర లేదు. ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు, ఆ సన్నటి అతుకు తప్ప లోకంలో ఇంకేం లేనట్టు. సాహితి అనవసరంగా అటు చూసి, వెంటనే తనమీద తనకే కోపం తెచ్చుకుని, పానా వెతుక్కుంది. పానా చేతిలోనే ఉంది.

"ఇది జారింది," అన్నాడు. కళ్లు తెరిచాడు. "చూడు. నీళ్ల మీద జారినట్టు జారింది."

ఆమె అతని చేతిలోంచి లాక్కుని భూతద్దం పెట్టి చూసింది. పక్కన సాన గీతలు కూడా ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. జోడీ దొరికింది. మిగతావీ దొరికాయి. ఈసారి మార్కరు కాదు, మొనదేలిన ఉక్కు పోగరు పెట్టి సుత్తితో చుక్కలు కొట్టింది.

"ఇగ ఏ చింతపండుకూ పోవు," అంది. అంటూ నవ్వింది. నవ్వాక గుర్తొచ్చింది, తనకు కోపంగా ఉందని.

*

తప్పు దిద్దుకున్నాడు కదా, ఇక రానక్కర్లేదు. అయినా శ్రీపాల్ మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. పానా అందించాడు, లైటు పట్టాడు, చాయ్ తెచ్చాడు. ఏది ఎందుకో అడిగాడు.

"పిస్టను రింగుల నోళ్లన్నీ ఒకవైపే ఎందుకు పెట్టొద్దు?"

"నీ క్లాసుల పోరగాళ్లందరు ఒకటే తలుపులకెల్లి పారిపోతె నువ్వు పట్టుకుంటవా?"

"పట్టుకోలేను."

"ఆవిరి గూడ అంతే."

ఒక సాయంత్రం, బ్లాకులో క్రాంకు కూర్చోబెట్టిన రోజున, చెప్పాపెట్టకుండా వాన దిగింది. రేకుల మీద గులకరాళ్లు పోసినట్టు చప్పుడు. గాలికి జల్లు వసారాలోకి కొట్టింది. సాహితి లోపలి నుంచి తాడిపత్రి తెచ్చేసరికి శ్రీపాల్ అవ్వ గొడుగు విప్పి, ఇంజను మీద పట్టి, తాను వానలో నిలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ముక్కు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పాగల్ పోరడా! గొడుగు కిందికి నువ్వు రావొచ్చు గదా!"

"అది తడిస్తె తుప్పు వడతది సాహితి. నేను తడిస్తె సర్ది వడతది, గంతే గదా."

ఆమె చేతిలోని తాడిపత్రి ఆగిపోయింది. అతను అన్నది సరిగ్గా విన్నదా? సాహితి అన్నాడు. 'చెల్లె' అనలేదు. నిన్న ఏమన్నాడు? మొన్న? తలచుకుంటే, జోడీలు దొరికిన రోజు తర్వాత ఆ మాట అతని నోట్లోంచి రాలేదు.

"ఏమైంది?" అన్నాడు అతను, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ.

"ఏం గాలె. ఆ మూల పట్టు."

వసారా చివర పడక్కుర్చీలో ఉన్న జగపతి పేపరు మడిచి, లోపలికి పోయి, ఒక పొడి తువ్వాలు తెచ్చి కుర్చీ మీద వేసి, మళ్లీ పేపరు విప్పుకున్నాడు.

మరునాడు పిస్టన్లు దింపారు. రాడ్డు బోల్టులు క్రాంకును గీరకుండా వాటికి రబ్బరు గొట్టం ముక్కలు తొడిగింది సాహితి. పైనుంచి ఆమె సుత్తి కర్రతో పిస్టనును మెల్లగా తడుతుంటే, కింది నుంచి అతను రాడ్డును దారిలో పెట్టి అందుకున్నాడు. నూనెతో జారే వేళ్లు ఒకసారి తగిలాయి. ఇద్దరూ ఒకేసారి "సారీ" అన్నారు. ఇద్దరూ పిస్టనుకు చెప్పినట్టు నటించారు.

టార్క్ రెంచి 'టక్' మనగానే సాహితి రెండు చేతులతో క్రాంకు తిప్పింది. ఎక్కడా పట్టలేదు. మజ్జిగ చిలికినట్టు మెత్తగా తిరిగింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అంత మంచి రోజు చెడడానికి ఎంతోసేపు పట్టలేదు.

*

సాయంత్రం నూనె డబ్బా కోసం చౌరస్తాకు పోయింది. హోటలు ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో చిన్నాయన అజయ్. పక్కన, చేతిలో చాయ్ గ్లాసుతో, శ్రీపాల్.

"మా అన్న కారు ఇంజను శ్రీపాల్ సారు చేతుల వడ్డది," అంటున్నాడు అజయ్ గొంతు పెంచి. "ఇగ నడుస్తది. లెక్కల మనిషి గదా, చెయ్యి మంచిగ కుదురుతది. గంతేనా సారూ?"

సాహితి దుకాణం స్తంభం పక్కన ఆగిపోయింది. చెప్తాడు. ఇప్పుడు చెప్తాడు.

శ్రీపాల్ చాయ్ చప్పరించాడు. చిన్నగా నవ్వాడు. తల వంచుకున్నాడు. ఏమీ చెప్పలేదు.

ఆమె నూనె డబ్బా కొనకుండానే వచ్చేసింది. మరునాడు పొద్దున అతను గేటు తీసేసరికి ఆమె అడ్డంగా నిలబడి ఉంది.

"నా ఇంజను ఎవలు చేసిండ్రు?"

"నువ్వే."

"మరి నిన్న చౌరస్తాల నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

అతని ముఖం పాలిపోయింది. "అట్ల గాదు సాహితి, నేను ఎందుకు ఊకున్ననంటె..."

"జనగామల మేనేజరు నన్ను ముట్టనియ్యలె. వాడే నయం. నువ్వు నేను ముట్టినంక, అది నీ పేరు మీద పోతుంటె నవ్వుకుంట చాయ్ తాగినవ్! వీళ్లందరు ఏమనుకుంటరు? ఆ పిల్లకేం రాదు, సారు లేకపోతె నడవకుండె అంటరు. నా మడిగెల ఒక్క బండన్న ఆగుతదా ఇగ?"

"నా మాట జర విను..."

"ఏం వినను. చింతపండుతోని తోమిననాడు ఇంత కోపం రాలె నాకు. ఇగ రాకు."

గేటు వేసింది. ఇనుప గేటు. చప్పుడు వీధంతా వినబడింది.

మిగతా పనంతా ఒక్కతే చేసుకుంది. సిలిండర్ల మీద హెడ్డు కూర్చోబెట్టి బోల్టులన్నీ వరస ప్రకారం బిగించింది. టైమింగు గుర్తులు కలిపింది. లైటు పట్టే మనిషి లేడు గనక టార్చిని నోట్లో కరిచి పట్టుకుంది. నోట్లో టార్చి ఉంటే తిట్టుకోవడం కుదరదు. అది మరీ కష్టమైంది. ట్రాక్టరు షెడ్డు నుంచి చైన్ పుల్లీ తెచ్చి తండ్రి సాయంతో ఇంజనును కారులోకి దింపింది. రోజూ ఆ వేళకు గేటువైపు చూడకూడదని గట్టిగా అనుకునేది. అనుకోవాలంటే ముందొకసారి చూడాల్సి వచ్చేది.

*

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం. వీధిలో ఆడవాళ్లు బతుకమ్మలు దించి పాట అందుకున్నారు. అన్నిటికన్నా ఎత్తయినది భాగ్యమ్మది. ఇత్తడి తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి, నిలువెత్తు గోపురంలా కుదురుగా నిలబడింది. ఈ ఏడు జారలేదు.

జగపతి ఇంటి ముందు కారు ఉంది, బానెట్ తెరిచి. చుట్టూ సగం ఊరు. అజయ్ చేతిలో తాళంచెవి తిప్పుతూ హడావిడి చేస్తున్నాడు.

"జరుగుండ్రి జరుగుండ్రి! సారు ఎక్కడ? శ్రీపాల్ సారూ! గట్ల ఎనుక నిలవడ్డవేంది? రా, నీ చేతులతోని స్టార్ట్ చెయ్యి."

సాహితి నూనె గుడ్డను పిడికిట్లో నలిపేసింది. తండ్రికేసి చూసింది. జగపతి శ్రీపాల్‌కేసి చూస్తున్నాడు.

శ్రీపాల్ ముందుకు వచ్చాడు. తాళంచెవి అందుకోలేదు.

"నాకెందుకు? ఈ ఇంజను నేను చెయ్యలె."

"ఏంది?"

"సాహితి చేసింది. ఒక్క బోల్టు గూడ నేను బిగించలె. నేను చేసిందల్ల మొదటినాడు దాన్ని ఆగం చేసుడు. బేరింగులను చింతపండు వెట్టి తోమిన."

జనం నవ్వారు. అజయ్ నవ్వలేదు. "మొన్న చౌరస్తాల ఊకుంటివి గదా మరి?"

"ఊకున్న. తప్పయింది. అందరి ముంగట ఊకున్న, అందుకే అందరి ముంగట చెప్తున్న."

"అయితె ఇంజను చెయ్యనీకి గాకపోతె రోజు పొద్దుగాల వోయి మాపటికి వస్తివి. ఆ ఇంట్ల నీకేం పని?"

"అవ్ గదరా," అంది భాగ్యమ్మ పాట ఆపి. ఆమె ఆపితే మిగతా ఆడవాళ్లూ ఆపారు. చప్పట్లు ఆగాయి. "నేను గూడ ఇంజను కోసమే అనుకున్న. ఎందుకు వోయినవ్ మరి?"

వీధి మొత్తం అతని జవాబు కోసం నిలబడింది. శ్రీపాల్ ఎర్రటి చిటికెన వేలి గోరును బొటనవేలితో రుద్దుకున్నాడు. దాక్కునే చోటు ఎక్కడా లేదు.

"సాహితిని చూడనీకి పోయిన," అన్నాడు.

ఆడవాళ్ల మధ్య నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

సాహితికి చెవుల దాకా వేడెక్కింది. అది కోపమో, మరొకటో తేల్చుకునే తీరిక లేదు. అజయ్ చేతిలోంచి తాళంచెవి లాక్కుని కారులో కూర్చుంది. తిప్పింది.

గిర్రు గిర్రుమంది. అందుకోలేదు. మళ్లీ తిప్పింది. గిర్రుమని, ఒకసారి తుమ్మి ఆగిపోయింది.

"నేను చెప్తనే ఉన్న..." మొదలుపెట్టాడు అజయ్.

"చిన్నాయినా, జర పక్కకు జరుగు. వెలుతురు ఆగుతున్నది."

దిగింది. ఆ తుమ్ము ఏమిటో ఆమె చెవికి తెలుసు. నిప్పు కాస్త తొందరపడుతోంది. నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, దాన్ని రెండు వేళ్లతో రవ్వంత తిప్పి, మళ్లీ బిగించింది. ఎవరినీ చూడకుండా సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

పుష్ప కారు లేచింది.

మొదట తెల్లటి పొగ, తర్వాత సన్నటి, నిలకడైన చప్పుడు. మూడు సిలిండర్లూ ఒకదాని వెంట ఒకటి, తడబాటు లేకుండా. బతుకమ్మ చుట్టూ చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. అవి దేనికో ఎవరూ అడగలేదు.

జగపతి వచ్చి, ఎడమవైపు తలుపు తీసుకుని, తన చోట్లో కూర్చున్నాడు. పుష్ప నడిపిన రోజుల్లో ఆయన కూర్చునేది అక్కడే. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఆ అదురును చేతిలోకి రానిచ్చాడు. తర్వాత జేబులోంచి మడిగె తాళంచెవి తీసి గేరు పక్కన పెట్టాడు.

"ఎటు పోదాం బాపూ?" అంది సాహితి. గేరు మీద చెయ్యి వేసింది.

"మడిగె దాక పోయిరా బిడ్డా. మీ అమ్మ మూలకాడ జర నెమ్మదిగ తిప్పేది."

*

బతుకమ్మలను చెరువులో వదిలి ఆడవాళ్లు తిరిగొచ్చాక, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలూ నువ్వుల సద్దీ ఇంటింటికీ పంచుకున్నారు. సాహితి వసారా మెట్ల మీద కూర్చుంది. గేటు దగ్గర శ్రీపాల్ నిలబడ్డాడు. చేతుల్లో తాంబాళం, అందులో పెరుగుసద్ది.

"రావొచ్చా? రావద్దంటివి గదా."

"వచ్చినవ్ గదా ఇగ."

అతను మెట్టు మీద, కొంచెం ఎడంగా కూర్చున్నాడు. తాంబాళం మధ్యలో పెట్టాడు.

"ఊరందరికి చెప్పినంక నాకు చెప్తవా?" అంది సాహితి. కోపం ఇంకా కొంత మిగిలే ఉంది. "సిగ్గుతోని సచ్చిపోయిన. ముందుగాల నాకు చెప్పాలె గదా!"

"అందుకే గద చౌరస్తాల ఊకున్న. ఇంజను నేను చేస్తలేనంటె, మరెందుకు వోతున్నవ్ అంటరు. దానికి నా దగ్గర జవాబు ఒక్కటే ఉండె. అది నీకు చెప్పకముందు మీ చిన్నాయినకెట్ల చెప్పాలె?"

లెక్క సరిపోయింది. లెక్కల సార్లతో ఇదే చిక్కు.

"గది గేటుకాడ చెప్పొచ్చు గదా."

"నువ్వు చెప్పనిచ్చినవా? ఆ గేటు ఇంకా మోగుతనే ఉన్నది నా చెవుల్ల."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. పెరుగుసద్ది ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుని, తాంబాళం అతనివైపు తోసింది.

"తిని పళ్లెం తీస్కపో. లేకపోతె మళ్ల మీ అవ్వ లొల్లి."

"అవ్వ వద్దన్నది." శ్రీపాల్ తాంబాళం అంచును చూస్తూ అన్నాడు. "ఈడనే ఉండనీ అన్నది. రేపురేపు ఈ ఇంట్లున్నా ఆ ఇంట్లున్నా ఒకటేనట. గిట్లనే చెప్పమన్నది. నేనేం కలపలె."

వసారా దీపం కింద అడుగున ఉన్న అక్షరాలు కనబడవు గానీ, ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

"సెలవులైపోతె నాకు బడి ఉన్నది," అన్నాడు అతను. "రేగొండ ఏమంత దూరం గాదు. ఆదివారమాదివారం వస్త. లైటు పట్టనీకి." చెయ్యి చూసుకున్నాడు. "పోయేముందు ఈ గోరు కత్తిరించుకుంట. నువ్వన్నట్టు, మనుషులు పెంచేవి గావు."

సాహితి తలుపు వైపు చూసింది, వీధి వైపు చూసింది. చూడాల్సినవన్నీ అయిపోయాక అతని చిటికెన వేలు పట్టుకుని దీపానికి ఎదురుగా తిప్పింది. మైదాకు అంచు కాస్త వెలిసింది.

"కత్తిరించకు," అంది. "మడిగెలకు ఇంకా మస్తు ఇంజన్లొస్తయి."

అప్పుడే గేటుకు గొళ్లెం పెట్టి రావడానికి లేచిన జగపతి గుమ్మంలోనే ఆగాడు. మెట్ల మీద ఇద్దరు, మధ్యలో ఖాళీ అయిన తాంబాళం. గేటు సంగతి పిల్ల చూసుకుంటుందిలే అనుకున్నాడు. వసారా దీపం ఆర్పకుండా, వెనక్కి నడిచి, తన గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకున్నాడు.